ఒక్క 'ఇంచు' తేడా

డిగ్రీ మొదటి సంవత్సరం పిల్లలకు వ్యాకరణం చెప్పడమంటే జ్వరం వచ్చిన పిల్లవాడికి కషాయం పట్టించడం వంటిదే. తాగేవాడికీ చేదు, తాగించేవాళ్లకూ ప్రయాస. అయినా తప్పదు గనక, మొన్న మాఘమాసంలో ఒకనాడు ప్రేరణార్థక క్రియల పాఠం ఎత్తుకున్నాను. పని తానే చేస్తే 'చేశాడు'. ఇంకొకరి చేత అయితే 'చేయించాడు'. తానే రాస్తే 'రాశాడు'. మరొకరి చేత అయితే 'రాయించాడు'. పిల్లల ముఖాలు వాడిపోతున్నాయని గమనించి, కాస్త దగ్గరి ఉదాహరణ ఇద్దామని, "మెదక్ చర్చి ఎవరు కట్టారు?" అని అడిగాను.

ముందు బెంచీ కుర్రవాడొకడు ఠక్కున లేచి, "పోస్నెట్ దొర కట్టిండు మేడం" అన్నాడు.

"కట్టాడా, కట్టించాడా?"

"ఎట్లన్నా ఒకటే గద మేడం. మధ్యల ఒక్క 'ఇంచే' గద తేడా!"

క్లాసంతా గొల్లుమంది. నేనూ నవ్వాను. నవ్వక ఏం చేస్తాను? ఇరవై ఏళ్లుగా చెబుతున్న పాఠానికి ఇంత చక్కని పేరు నాకు ఎన్నడూ తట్టలేదు. కాని గంట కొట్టాక స్టాఫ్‌రూములో కూర్చునేసరికి ఆ నవ్వు కాస్తా చల్లారిపోయింది. ఆ ఒక్క 'ఇంచు'లో ఇరుక్కుపోయిన మనిషి ఒకామె నాకు బాగా తెలుసు. ఆవిడ మా బాపమ్మ.

మా నిజామాబాదు వైపు నాన్నను బాపు అనీ, నాన్న తల్లిని బాపమ్మ అనీ పిలుస్తాం. మా బాపమ్మకు నడినెత్తిన, పాత రూపాయి బిళ్లంత మేర వెంట్రుక మొలిచేది కాదు. చుట్టూ ముగ్గుబుట్ట వంటి తల, మధ్యన నున్నగా మెరిసే చర్మం. పసితనంలో నేను వెనకనుంచి ఆమె మెడకు వేలాడి, ఆ బిళ్ల మీద వేలితో గుండ్రాలు గీసేదాన్ని. "ఇదేంది బాపమ్మా?" అంటే, "దొర గుడి రాళ్లు మోసిన గురుతు బిడ్డా" అనేది.

దొర గుడి అంటే మెదక్ చర్చి. ఆమె పుట్టిల్లు మెదక్ దగ్గరి పల్లె. పుట్టిన ఏడు ఎవరూ రాసిపెట్టలేదు. నాన్న లెక్క ప్రకారం 1909 ప్రాంతం. మొదటి ప్రపంచయుద్ధపు రోజులు. వానలు లేవు, పంటలు లేవు. మెదక్‌కు పాత రోజుల్లో మెతుకుసీమ అని పేరట. ఆ మెతుకుసీమలోనే మెతుకు కరువైంది. అప్పుడు మెదక్‌లో ఉన్న వెస్లియన్ మిషన్ ఫాదరీ చార్లెస్ వాకర్ పోస్నెట్ ఒక ఆలోచన చేశాడు. జనానికి ఊరికే గంజి పోసేకంటే పని కల్పించి తిండి పెట్టడం మేలు. ఆ పని పేరే చర్చి. 1914లో మొదలుపెట్టి, పదేళ్లపాటు కట్టించి, 1924 డిసెంబరు 25న, క్రిస్మస్ పండుగనాడు, ప్రార్థనలకు తెరిచారు.

ఆ పదేళ్లలో ఓ నాలుగేళ్లు మా బాపమ్మ తలమీదుగా నడిచాయి. పదేళ్ల పిల్లగా తల్లి వెంట వెళ్లింది. నెత్తిన చుట్టబట్ట, దాని మీద తట్ట, తట్టలో కంకరో సున్నమో. ఎండకు చుట్టబట్ట తడిసేది, తడిసినచోట జుట్టు ఊడేది. సాయంత్రం కొలిచి ఇచ్చే గింజలు కొంగున మూటగట్టుకుని ఇంటికి వచ్చేవారు. ఈ కథ చెప్పేటప్పుడు ఆమె గొంతులో జాలి ఏ కోశానా ఉండేది కాదు సుమండీ. "ఆ తట్ట లేకుంటే నేను లేను, మీ బాపు లేడు, నువ్వు లేవు" అని తేల్చేసేది.

ఇక నేను చేసిన ఘనకార్యం సంగతి. అప్పుడు ఆరో తరగతిలో ఉన్నాను. బోధన్‌లో మా ఇంటికి నా స్నేహితురాలు వచ్చింది. వాళ్ల నాన్నగారు పెద్ద ఉద్యోగి. అరుగు మీద తల ఆరబోసుకుంటూ కూర్చున్న బాపమ్మను చూసి, "మీ బాపమ్మ నెత్తికి ఏమైంది?" అని అడిగింది. రాళ్లు మోసిన కూలిదని చెప్పడానికి నాకు నోరు రాలేదు. "పేనుకొరుకుడు" అనేశాను.

బాపమ్మ వింది. విని, నా వంక ఒకసారి చూసి, ఆ పిల్లతో, "అవ్ బిడ్డా, పేను కొరికింది" అన్నది.

అంతే. నన్ను ఒక్క మాట అనలేదు. కాని ఆ మర్నాటి నుంచి కొంగు తలమీదినుంచి తీసేది కాదు. ఇంట్లో ఉన్నా సరే, ఎండాకాలమైనా సరే. మరుసటి ఏడు, 1992లో, ఆమె పోయింది. క్షమించమని అడగడానికి నాకు అప్పట్లో బుద్ధి లేదు. బుద్ధి వచ్చేనాటికి ఆమె లేదు.

క్లాసులో ఆ కుర్రవాడి మాట విన్న రాత్రి బోధన్‌లో ఉన్న నాన్నకు ఫోను చేసి జరిగింది చెప్పాను. నాన్నకు ఎనభై నిండాయి. అన్నయ్య దగ్గర ఉంటారు. కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, "పానం ఉండంగనే ఒక్కసారి మెదక్ పోయొద్దాం బిడ్డా. మీ బాపమ్మ మోసిన గుడి నేను సూడనే లేదు" అన్నారు.

నేను నిర్ఘాంతపోయాను. బోధన్ నుంచి మెదక్ ఏమంత దూరం? పొద్దున బయలుదేరితే మధ్యాహ్నానికి చేరవచ్చు. తిరుపతి, షిర్డీ చూసివచ్చిన మనిషి ఎనభై ఏళ్లలో మెదక్ వెళ్లలేదంటే ఏమనుకోవాలి? ఆ మాటకొస్తే నేను మాత్రం వెళ్లానా! కాలేజీ పిల్లలను విహారయాత్రకు తీసుకెళ్లే వంతు వచ్చినప్పుడల్లా ఏదో ఒక సాకు చెప్పి తప్పించుకున్నదాన్నే.

రెండో శనివారం ముహూర్తం పెట్టుకున్నాం. మావారికి ఆఫీసు పని ఉండడంతో, ఇంటర్ చదువుతున్న మా అమ్మాయిని వెంటబెట్టుకుని ముందురోజే బోధన్ చేరాను. పొద్దున్నే బస్సెక్కాం. కండక్టరు నాకూ అమ్మాయికీ జీరో టికెట్లు కొట్టి, నాన్న దగ్గర మాత్రం డబ్బులు పుచ్చుకున్నాడు. "మొగోనికి విలువ లేకుండ పాయె" అని నాన్న నిట్టూరిస్తే బస్సులో ఆడవాళ్లంతా నవ్వారు.

రుద్రూరు దాటి, బాన్సువాడలో బస్సు మారి, ఎల్లారెడ్డి దారి పట్టాం. అంతా నిజాంసాగర్ నీటితో బతికిన నేల. నాన్న కిటికీ పక్కన కూర్చుని మనుమరాలికి తన చరిత్ర చెప్పడం మొదలుపెట్టారు. నేను ముందు సీట్లో కూర్చుని, వినీ విననట్టు వింటున్నాను.

మంజీరా మీద నిజాంసాగర్ ఆనకట్ట పని 1923లో మొదలైంది. మెదక్‌లో చర్చి పని ముగింపుకు వస్తున్నదని, బాపమ్మను ఆమె తల్లి అక్కడికి తీసుకుపోయింది. అప్పటికి బాపమ్మకు పద్నాలుగేళ్లు. అక్కడే రాళ్లు కొట్టే మా తాతతో పెళ్లయింది. 1931లో ఆనకట్ట పూర్తయింది. కాలువల్లో నీళ్లు వచ్చాయి, నీళ్ల వెంట చెరుకు వచ్చింది, చెరుకు వెంట 1937లో బోధన్‌లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ వచ్చింది. ఆ ఫ్యాక్టరీ కోసం శక్కర్‌నగర్ అనే ఊరే వెలిసింది. ఆ చెరుకు వెంట మావాళ్లూ బోధన్ వచ్చి పడ్డారు. నాన్న 1945లో పుట్టి, అదే ఫ్యాక్టరీలో ఫిట్టరై, అక్కడే పదవీ విరమణ చేశారు. ఆ ఫ్యాక్టరీ 2015 డిసెంబరులో మూతపడింది. ఒకప్పుడు చెరుకు ఊగిన మళ్లలో ఇప్పుడు ఎక్కువగా వరే కనిపిస్తుంది.

"అంటే తాతా, మనవాళ్లు ఏది కడుతుంటే దాని వెంట పోయిండ్రన్నమాట" అన్నది మా అమ్మాయి.

"కూడు యాడ ఉంటె ఆడికి. కట్టుడు ఉన్నకాడ కూడు ఉంటది" అన్నారు నాన్న.

ఎల్లారెడ్డి దాటాక అడవి వచ్చింది; అడవి నడుమ పోచారం చెరువు. ఆనకట్ట దూరంగా కనిపిస్తుంటే నాన్న చెయ్యి చాపి చూపించారు. అదీ ఆ రోజుల్లో కట్టినదే, 1916కూ 1922కూ మధ్య. నాకు చిత్రమనిపించింది. ముప్పై నలభై మైళ్ల చుట్టుకొలతలో, ఇరవై ఏళ్లు తిరక్కుండా, ఒక చెరువు, ఒక చర్చి, ఒక మహా ఆనకట్ట! ఎన్ని తట్టలు లేచి ఉంటాయో, ఎన్ని చుట్టబట్టలు తడిసి ఉంటాయో!

మెదక్ చేరకముందే చర్చి కనిపించింది. ముందు కొన మాత్రం, తరువాత గంటగోపురం, ఆ తరువాత మొత్తం. గోపురం ఎత్తు 175 అడుగులు. కట్టడం పొడుగు 200 అడుగులు, వెడల్పు 100. లోపల 5,000 మంది పడతారు. పోస్నెట్ 1896లో మెదక్ వచ్చినప్పుడు సికిందరాబాదు నుంచి గుర్రం మీద రెండు రోజుల ప్రయాణమట. అటువంటి మారుమూల ఇంత కట్టడం లేపాలంటే గుండె ధైర్యం కావాలి. ఆ మాట ఒప్పుకోవలసిందే.

ఆవరణలో చెట్ల కింద సంసారాలన్నీ సద్దిమూటలు విప్పుకుని కూర్చున్నాయి. బొట్టు పెట్టుకున్నవాళ్లూ, బురఖా వేసుకున్నవాళ్లూ, తెల్లచీరల్లో ప్రార్థనకు వచ్చినవాళ్లూ. నాకు ఉన్నట్టుండి ఒక సందేహం వచ్చింది. "బాపూ, బాపమ్మను అప్పుడు ఎవరూ ఏమనలేదా, వేరే మతపోళ్ల గుడికి రాళ్లు మోసినవని?"

నాన్న చెప్పులు విడుస్తూ, "ఆకలికి మతమేంది బిడ్డా? మన డిచ్‌పల్లి కుష్ఠు దవాఖానకు నర్సాగౌడ్ పైసలియ్యలేదా?" అన్నారు. నిజమే. అదే మిషన్‌కు చెందిన డాక్టరమ్మ ఇసబెల్ కెర్ డిచ్‌పల్లిలో 1915లో నెలకొల్పిన ఆ ఆసుపత్రికి మా నిజామాబాదు రాజా నర్సాగౌడ్ ధనసహాయం చేశారు. రోగానికీ ఆకలికీ మతం అడగని మనుషులు మా వైపు ఆనాడే ఉన్నారు.

లోపలికి అడుగు పెట్టగానే చల్లదనం. కాళ్ల కింద రంగురంగుల పలకల నేల. ఆ పలకలు ఇంగ్లండు నుంచి తెప్పించారనీ, పరచడానికి ఇటలీ పనివాళ్లు వచ్చారనీ అంటారు. చెక్కిన బూడిదరంగు రాతి స్తంభాలు రెండు వరుసలుగా లేచి, పైన ఒకదానినొకటి అందుకున్నాయి. మా కాలేజీ చరిత్ర లెక్చరరుగారు బయలుదేరేముందు నాకు ఒక చిన్న పాఠం చెప్పి పంపారు. ఆ పాండిత్యం అమ్మాయి ముందు వెళ్లగక్కే అవకాశం దొరికింది గదా అని మొదలుపెట్టాను.

"చూడు, ఐరోపాలో పదకొండు, పన్నెండు శతాబ్దాల్లో చర్చిలు ఇలా ఉండేవి కావు. రోమనెస్క్ అనే పద్ధతి ఉండేది. రోమనులు కట్టినట్టు గుండ్రటి కమానులు, కోట వంటి లావాటి గోడలు, చిన్న చిన్న కిటికీలు. నువ్వు చిన్నప్పుడు పుస్తకంలో చూసిన పీసా వాలు గోపురం లేదూ, దాని చుట్టూ ఉన్నవన్నీ గుండ్రటి కమానులే. అదీ, దాని పక్కనున్న చర్చీ ఆ పద్ధతివే. పన్నెండో శతాబ్దం నడుమ ఫ్రాన్సులో మొనదేలిన కమానులు వచ్చాయి. దాన్ని గోథిక్ అంటారు. ఇది ఆ గోథిక్ పద్ధతిని మన కాలంలో మళ్లీ అనుసరించి కట్టినది."

"గుండ్రంగా ఉంటే ఏం, మొనదేలితే ఏం?" అన్నది అమ్మాయి.

నా పాఠం అక్కడితో అయిపోయింది. ఎందుకో చరిత్ర లెక్చరరుగారు చెప్పారు గాని, నా బుర్రకు ఎక్కలేదు. అప్పటిదాకా తల పైకెత్తి చూస్తున్న నాన్న, "నేను సెప్త రా" అని మనుమరాలిని పిలిచారు. రెండు చేతులూ తట్ట బోర్లించినట్టు గుండ్రంగా వంచి పట్టుకున్నారు. "దీని మీద బరువు పెట్టు. ఏమైతది? రెండు పక్కలకు తోసుకుంటది. గోడ లావు లేకుంటె పక్కకు పోతది. ఆ లావు గోడకు పెద్ద కిటికీ పెడ్తె బలం తగ్గుతది. అందుకే సిన్న కిటికీలు." తరువాత రెండు అరచేతులూ నమస్కారం పెట్టినట్టు మొనదేల్చారు. "ఇప్పుడు బరువు పెట్టు. పక్కలకు తోసుడు తక్కువ, కిందికి దిగుడు ఎక్కువ. బరువంత స్తంభాల మీదికి దిగుతది. నడుమ గోడకు పని లేదు. పని లేనికాడ ఎంత పెద్ద కిటికీ అన్న పెట్టొచ్చు."

ఏడో తరగతి చదువు ఆయనది. ఎం.ఏ. చదివిన నేను పక్కన నిలబడి నోరు తెరుచుకుని విన్నాను. ముప్పై ఏళ్లకు పైగా యంత్రాల బరువులు ఎక్కడ ఆనతాయో చూసుకున్న మనిషి గదా మరి!

చెప్పి చెప్పి నాన్న ఒక్కసారిగా ఆగిపోయారు. ఆయన చూపు ఎదురుగా, బలిపీఠం వెనుక గోడకు ఉన్న మహా కిటికీ మీద నిలిచింది. ఎరుపు, నీలం, పసుపు గాజుముక్కలన్నీ వెలుగుతో నిండి ఉన్నాయి. మధ్యన క్రీస్తు ఆకాశానికి ఆరోహణమవుతున్నాడు.

"ఇదేనా ఆ తొర్ర!" అన్నారు నాన్న.

నాకూ అప్పుడే గుర్తొచ్చింది. బాపమ్మ చెప్పే దొర గుడి కథలో ఒక తొర్ర ఉండేది. "అంత పెద్ద గుడికి ఒక గోడ నిండ తొర్రనే బిడ్డా. అండ్లకెళ్లి మొగులు కనపడేది, పిట్టలు వచ్చి పోయేవి. ఇంత గుడి కట్టిన దొరకు ఆ ఒక్క తొర్ర పూడిసె రాయి దొరకలేదా అని నవ్వుకునేదాన్ని" అనేది. ఏళ్లకేళ్లు ఆ కథ విని మేమూ నవ్వాం.

ఆ తొర్ర పూడ్చడానికి కావలసింది రాయి కాదు. ఈ కిటికీ 1927లో వచ్చింది. దీని చిత్రకారుడు ఇంగ్లండుకు చెందిన ఫ్రాంక్ సాలిస్‌బరీ. పక్క రెక్కల్లో ఒకవైపు క్రీస్తు జననం 1947లోనూ, మరోవైపు శిలువ దృశ్యం 1958లోనూ అమర్చారు. మా బాపమ్మ 1923లోనే తట్ట నెత్తిన పెట్టుకుని మంజీరా దారి పట్టింది. ఆమె తిరిగి మెదక్ రాలేదు. 1992లో కన్నుమూసేదాకా ఆమె మనసులో ఈ గుడికి తొర్ర అలాగే ఉండిపోయింది. తాను మోసిన రాళ్లు దేనికోసం అంత ఎత్తున నిలబడ్డాయో ఆమెకు తెలియనే తెలియదు.

నాన్న మెల్లగా వెళ్లి ఒక స్తంభానికి చెయ్యి ఆనించి నిలబడ్డారు. నేను దగ్గరికి వెళ్లాను.

"నేను సుత అబద్ధమాడిన బిడ్డా" అన్నారు, నావైపు చూడకుండానే. "నా లగ్గమప్పుడు మీ అమ్మమ్మోళ్లు అడిగిండ్రు, మీ అమ్మ నెత్తికి ఏమైందని. ఫ్యాక్టరీల నౌకరి దొరికింది, కోటరు దొరికింది. కూలిదాని కొడుకునని ఎట్ల సెప్పుదు? చిన్నప్పుడు జరమొచ్చి ఊడిందని సెప్పిన. అమ్మ పక్కనే ఉన్నది. ఇన్నది."

"ఏమన్నది?"

"అవ్, జరమొచ్చింది అన్నది."

నాకు గొంతు పెగల్లేదు. ఆయనకు నా పేనుకొరుకుడు సంగతి తెలియదు. ముప్పై అయిదేళ్లుగా ఎవరికీ చెప్పలేదు. ఆ స్తంభం దగ్గర నిలబడి చెప్పాను. మా అమ్మాయి కాస్త ఎడంగా నిలబడి వింటున్నదని నాకు తెలుసు. విననీ అనుకున్నాను.

నాన్న నా తల మీద చెయ్యి వేసి, "ఇద్దరికీ ఇజ్జత్ కాపాడింది ముసల్ది" అన్నారు.

చర్చి చూసుకునే పెద్దాయన ఒకరు మమ్మల్ని గమనిస్తున్నారు కాబోలు, దగ్గరికి వచ్చి, "ఎక్కడినుంచి వచ్చారు?" అని అడిగారు. నాన్న ఈసారి తడుముకోలేదు. "బోధన్ నుంచి సార్. మా అమ్మ ఈడ రాళ్లు మోసింది. కూలి" అన్నారు. ఆ 'కూలి' అన్న మాట ఎంత గట్టిగా అన్నారంటే, పక్కనున్నవాళ్లు ఇద్దరు ముగ్గురు తిరిగి చూశారు.

పెద్దాయన ఆశ్చర్యపడలేదు. చిన్నగా నవ్వి, "మీలాగే చాలామంది వస్తుంటారండీ. మా తాత, మా అవ్వ అంటూ. ప్రతి రాయికీ ఒక ఇల్లు ఉంటుంది" అన్నారు. "తొందర లేకపోతే కాసేపు కూర్చోండి. ఎండ తిరిగితే పక్క కిటికీ చూడాలి. పొద్దుగూకాక ఏమీ కనిపించదు. దీనికి బయటి వెలుగే దీపం."

కూర్చున్నాం. జనం వస్తున్నారు, పోతున్నారు. అంతమంది మాట్లాడుకుంటున్నా లోపల ప్రతిధ్వని లేదు. కప్పులో గుల్లగా ఉండే పదార్థం వాడారట అందుకోసం. ఎండ మెల్లగా తిరిగింది. పక్క కిటికీ రాజుకున్నట్టయింది. గాజుల రంగులు నేల మీదికి దిగి, కొంచెం కొంచెంగా మావైపు జరిగి, నాన్న బట్టతల మీద కాసేపు నీలంగా, కాసేపు బంగారంగా నిలిచాయి. ఆయనకు తెలియదు. ఆయన కళ్లు మూసుకుని ఉన్నారు. మా అమ్మాయి చూసి, చెప్పబోయి, నేను చెయ్యి పట్టుకుంటే ఊరుకుంది.

లేచి వస్తుంటే గోడల మీద, పలకల మీద ఏమైనా పేర్లున్నాయేమోనని నా కళ్లు వెతుకుతూనే ఉన్నాయి. తట్టలు మోసినవాళ్ల పేర్లు ఎవరు రాస్తారు? తెలిసి తెలిసీ వెతకడం, అదొక పిచ్చి. కట్టించినాయన్ను తక్కువ చేయాలని కాదు నా ఉద్దేశం. ఆయన కట్టించి ఉండకపోతే ఆ కరువులో మా బాపమ్మ ఏమయ్యేదో తలచుకుంటేనే భయమేస్తుంది. ఆయన పేరు నిలవడం న్యాయమే. కాని ఈ కట్టడానికి నూరేళ్లు నిండిపోయాయి. ఆ నూరేళ్లలో మా బాపమ్మ పేరు ఇక్కడ లేకపోవడానికి చరిత్ర రాసినవాళ్లు ఎంత కారణమో, రెండుసార్లు నోటితో తుడిచేసిన మేమూ అంతే కారణం.

తిరుగు బస్సులో నాన్న హాయిగా నిద్రపోయారు. మా అమ్మాయి నా భుజం మీద తల ఆనించి, "అమ్మా, ముత్తవ్వ పేరేమిటి?" అని అడిగింది. పదిహేడేళ్లు వచ్చిన పిల్లకు ముత్తవ్వ పేరు తెలియదు! చెప్పాను. రెండుసార్లు పలికి చూసుకుంది. ఆ పేరు మాకోసం ఉంచుకుంటాను, ఇక్కడ రాయను.

మర్నాడు నిజామాబాదు చేరాం. సాయంత్రం పక్కింటావిడ వచ్చి కూర్చుంటే, అమ్మాయి ఫోనులో చర్చి ఫోటోలు చూపించసాగింది. నేను వంటింట్లో కాఫీ కలుపుతున్నాను. మాటలు వినిపిస్తూనే ఉన్నాయి.

"ఎంత పెద్దగా ఉందో! ఏ దొరో కట్టించాడటగా?"

"అవును ఆంటీ. మా ముత్తవ్వ కట్టింది."

"మీ ముత్తవ్వా? ఆవిడ చర్చి కట్టించడమేమిటే?"

"కట్టించలేదు ఆంటీ. కట్టింది. రాళ్లు మోసి కట్టింది. మోసీ మోసీ నెత్తిమీద ఇంత మేర జుట్టు కూడా ఊడిపోయింది."

నా చేతిలో గరిటె అలాగే ఆగిపోయింది. ఆవిడ ఏమంటుందోనని చెవులు రిక్కించాను. కాసేపు ఏ మాటా లేదు. తరువాత ఆవిడ, "మా నాయనమ్మ కూడా కాలువ తవ్విందే. మేమెవరికీ చెప్పం" అన్నది.

కాఫీ పట్టుకుని వెళ్లి ఆవిడ పక్కనే కూర్చున్నాను. "చెప్పండి, వింటాను" అన్నాను.